నేను అనాలా, ఆవిడ అనాలా

మా అత్తయ్య ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. తెనాలి దగ్గరి పల్లె నుంచి ఉద్యోగం కోసం పెళ్ళికి ముందే హైదరాబాదు వచ్చిన మనిషి. నాది సంగారెడ్డి. మా ఆయనా నేనూ హైటెక్ సిటీలో ఒకే కంపెనీలో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. మామయ్య పోయాక అత్తయ్య చిక్కడపల్లిలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి, మదీనాగూడలోని మా ఫ్లాటుకు వచ్చేశారు. మా పాపకు అప్పుడు నాలుగేళ్ళు. తెలంగాణ ఉద్యమం మళ్ళీ ఊపందుకున్న రోజులవి.

ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు ఎలా వాడాలో రాసిపెట్టడం. అందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న తకరారు లేదు. 'మీరు ఈ బటన్ నొక్కండి' అంటే అయిపోయింది. కథలు ఇంట్లో రాసుకునేదాన్ని. రాసిన ప్రతి కథా మొదట అత్తయ్యకే ఇచ్చేదాన్ని. ఒత్తులు తప్పితే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. ఎర్ర పెన్ను తీసుకుని బాల్కనీలో కూర్చుని, ఆఫీసు ఫైలు చూసినట్టు చూసేవారు. "కథ సంగతి నాకు తెలీదమ్మాయ్, ఈ 'ళ' మాత్రం తప్పు" అనేవారు. మా ఇద్దరి మధ్య ఉన్న చనువంతా ఆ కాగితాల మీదుగా వచ్చిందే.

ఎండాకాలం సెలవులకు పాప సంగారెడ్డిలో అమ్మమ్మ దగ్గర ఉండి వచ్చింది. వచ్చిన మర్నాడు హాల్లో బొమ్మలు పేర్చుకుంటూ, "నానమ్మా, గిట్ల కాదు, జర పక్కకు జరుగు" అంది.

అత్తయ్య నవ్వి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు. "అలా మాట్లాడకూడదమ్మా. గిట్ల, గట్ల అని పనివాళ్ళు అంటారు. మనం 'ఇలా' అనాలి. ఏదీ, అను."

"ఇలా" అంది పాప.

"మా బంగారు తల్లి" అని ముద్దు పెట్టుకున్నారు.

నేను వంటింట్లో చపాతీలు ఒత్తుతున్నాను. మా అమ్మ ఇప్పటికీ గిట్లనే మాట్లాడుతుంది. హాల్లోకి వచ్చి ఏమైనా అనొచ్చు. అనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక బంద్ రోజున మా అన్న వచ్చాడు. నాకంటే పెద్దవాడు, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ప్రభుత్వ ఉద్యోగం కోసం పరీక్షలు రాసి రాసి వయసు దాటించుకున్నాడు. నగరంలో ఏదో సభకు వచ్చి బండి మీద తిరిగి వెళ్తుంటే పటాన్‌చెరు దగ్గర రోడ్డు మూసేశారట. వెనక్కి తిరిగి మా ఇంటికి వచ్చాడు. బంద్ కాబట్టి మేమిద్దరం కూడా ఇంట్లోనే ఉన్నాం. అత్తయ్యే వడ్డించారు.

కాసేపు అవీ ఇవీ మాట్లాడాక అన్న అడిగాడు. "అత్తమ్మా, మీరు డ్యూటీల ఎప్పుడు చేరిన్రు?"

ఆవిడ చెప్పారు.

"గప్పుడు ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసుల పేరు ఏడ రాయించిన్రు? ఇక్కడనా, గుంటూర్లనా?"

అత్తయ్య చేతిలో గరిటె ఆగింది. "ఇక్కడే బాబూ. మా పిన్ని వాళ్ళ ఇంటి అడ్రసుతో."

"గదే అడుగుతున్న. ఇంకేం లేదు."

"బావా, ముందు అన్నం తిను" అన్నాడు మా ఆయన.

అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టేశారు. "నేను పరీక్ష రాశానయ్యా. పాసయ్యాను. ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదు."

"మీరు లాక్కున్నరని నేనంటినా అత్తమ్మా? మీరు మంచోళ్ళే. నేను గా కుర్చీ గురించి అడిగిన."

అత్తయ్య లేచి వెళ్ళి మజ్జిగ తెచ్చి అన్న గ్లాసులో పోశారు. అన్న తల వంచుకుని తాగాడు. సాయంత్రం రోడ్డు తెరిచారని తెలిశాక వెళ్ళిపోయాడు.

"మీ అన్నయ్యకి చదువుంది గానీ, మాట మొరటు" అన్నారు అత్తయ్య తలుపు వేస్తూ.

"అట్లా ఏం కాదత్తయ్యా" అన్నాను. అన్న అడిగినదానిలో న్యాయముందని నాకు తెలుసు. అడగాల్సింది ఈవిడని కాదనీ తెలుసు.

ఆ వారమే కథ మొదలుపెట్టాను. ఆంధ్ర ఇంటికి కోడలుగా వెళ్ళిన తెలంగాణ పిల్ల, ఆ ఇంట్లో తన మాటను పోగొట్టుకోవడం. నా సంగతే కాబట్టి 'నేను' అని మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోనే చిక్కు వచ్చింది. 'నేను వంటింట్లో ఉన్నాను' అని రాస్తే, మాట పోయిందని ఏడ్చే పిల్ల ఆ ఏడుపేదో పుస్తకాల భాషలోనే ఏడుస్తున్నట్టుంది. సరేనని దాన్ని కొట్టేసి, మా అమ్మ చెప్పినట్టు రాద్దామనుకున్నాను. 'నేను వంటింట్ల ఉన్న. చపాతీలు చేస్తున్న. బిడ్డ మాట ఇన్న.' ఒక పేజీ దాటలేకపోయాను. ప్రతి మాట దగ్గరా ఆగి, మా అమ్మయితే ఏమంటుందని ఆలోచించాల్సి వస్తోంది. నా భాషను నేనే మరొకరిని అడిగి రాస్తున్నట్టుంది. సిగ్గేసింది.

దాంతో 'ఆమె' అని మార్చాను. వెంటనే ఊపిరాడింది. కథ చెప్పేది అచ్చు భాష, మనుషుల నోళ్ళలో ఎవరి మాట వాళ్ళది. అయితే అక్కడ ఇంకో తంటా. మనకు మూడో మనిషి గురించి రాయాలంటే ముందు ఆ మనిషికి ఎంత మర్యాద ఇస్తున్నామో తేల్చుకోవాలి. కోడలు 'ఆమె' అయితే అత్త 'ఆవిడ' కావాలి. మా వైపు ఇద్దరూ ఆమెలే. అన్నను 'అతను' అంటే పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉన్నాడు. 'ఆయన' అంటే పరాయివాడయ్యాడు. 'వాడు' అనడానికి నోరు రాలేదు. చివరికి కథంతా 'అన్న' అనే రాసుకుంటూ పోయాను.

ఆ రోజుల్లో ఒక మాసపత్రికకు కథలు చూసే పెద్దాయనతో నాకు ఫోను పరిచయం ఉండేది. ఈసారి అత్తయ్యకు చూపించకుండానే ఆయనకు పంపాను. రెండు వారాల తర్వాత ఆఫీసులో ఉండగా ఫోన్ చేశారు. కాఫీ యంత్రం పక్కన నిలబడి మాట్లాడాను.

"కథ చదివానమ్మా. అత్త ఎక్కడుంది ఇందులో?"

"మొదటి నుంచీ ఉంది కదండీ."

"కోడలు ఉన్న గదిలోకి వచ్చినప్పుడే ఉంది. కోడలు అటు తిరగ్గానే మాయమైపోతోంది. 'ఆమె' అని రాశావు గానీ, ఇది 'నేను'కే వేరే చీర కట్టినట్టుంది. ఎవరూ లేనప్పుడు ఆ అత్త ఏం చేస్తుందో నీకు తెలుసా?"

తెలియదన్నాను. కోపం వచ్చింది కూడా. ఉద్యమం జరుగుతుంటే అత్త ఒంటరితనం గురించి రాయమంటాడేంటి ఈయన అనుకున్నాను. కానీ ఆ ప్రశ్న మనసులో నుంచి పోలేదు.

బంద్‌లకు పోయిన పనిరోజుల్ని మా కంపెనీ శనివారాల్లో పూడ్చేది. అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం పని తొందరగా అయింది. కొత్తగూడ చౌరస్తాలో కంపెనీ క్యాబ్ చాలాసేపు ఇరుక్కుంది. ఎలాగూ ఆలస్యమైంది, కూరగాయలు తీసుకుని వెళ్దామని ఇల్లు దాటి చందానగర్ మార్కెట్ దగ్గర దిగాను. అక్కడ అత్తయ్య కనిపించారు.

పిలవబోయి ఆగాను. ఆవిడ దొండకాయల గుట్ట ముందు నిలబడి వేలితో చూపిస్తున్నారు. "కిలోనా అమ్మా?" అని అడిగింది అమ్మే ఆవిడ. అత్తయ్య తలూపారు. డబ్బులిచ్చి, చిల్లర తీసుకుని, పక్కకు నడిచారు. కొత్తిమీర దగ్గరా అంతే. వేలితో చూపించడం, తలూపడం, చాలని అరచేయి అడ్డం పెట్టడం. ఒక్క మాట లేదు. ఇంటికి వచ్చే పాలవాడితో కూడా అరగంట కబుర్లాడే మనిషి. గొంతు బాగాలేదేమో అనుకున్నాను. కానీ పక్కనే ఎవరో ఇద్దరు నిలబడి ఉద్యమం గురించి గట్టిగా మాట్లాడుకుంటుంటే, ఆవిడ సంచీ మోచేతికి మార్చుకుని వాళ్ళను తప్పించుకుని వెళ్ళడం చూశాక, నాకు అర్థమైందనుకున్నాను.

ఎదురుపడకుండా వేరే సందులోంచి ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. కాసేపటికి ఆవిడ వచ్చారు. గొంతుకేమీ కాలేదు. "దొండకాయలు లేతగా ఉన్నాయమ్మాయ్, రేపు వేపుడు చేద్దాం" అన్నారు.

కోడలి కథ పక్కన పెట్టేశాను. అత్త కథ రాశాను, అత్త నోటితోనే. 'నేను మార్కెట్లో నోరు తెరవను' అని మొదలు. నా కథ నా నోటితో రానిది, ఆవిడ కథ మాత్రం ధార కట్టినట్టు వచ్చింది. ఆవిడ మాట తీరు, ఆ 'అండీ'లు, ఆ నిట్టూర్పులు అన్నీ నా చెవుల్లోనే ఉన్నాయి. ఊరుకాని ఊరైపోయిన నగరంలో ఒక ముసలావిడ భయం. అంతవరకూ నేను రాసినవాటిలో అదే మంచిదనిపించింది. ఆవిణ్ణి అర్థం చేసుకున్నానని ఆవిడకు తెలియాలనీ అనిపించింది. కాగితాలు తీసి ఎప్పటిలాగే ఇచ్చాను.

బాల్కనీలో కూర్చుని మొదటి పేజీలో రెండు తప్పులు దిద్దారు. రెండో పేజీ నుంచి పెన్ను కదల్లేదు. చదవడం అయిపోయాక కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను బట్టలు మడతపెడుతూ చూస్తున్నాను.

"ఈ 'నేను' ఎవరమ్మాయ్?" అన్నారు.

"కథలో అత్తగారు, అత్తయ్యా."

"నన్ను చందానగర్లో చూశావా?"

"చూశాను."

"చూసి పిలవలేదు."

చేతిలో ఉన్న చొక్కాను విప్పి మళ్ళీ మడతపెట్టాను.

"భయమని ఎవరు చెప్పారు నీకు?"

"నాకు అలా అనిపించింది."

"అనిపిస్తే అనిపించిందని రాయి. నేను చెప్పినట్టు రాశావేం?" గొంతు పెంచలేదు. ఆఫీసులో కిందివాళ్ళతో ఇలాగే మాట్లాడి ఉంటారు. "ఆ మొదటి కథ కూడా చూశాను, కంప్యూటర్లో. నీ సంగతి రాసుకున్నప్పుడు 'ఆమె' అని రాసుకున్నావు. నా సంగతి వచ్చేసరికి 'నేను' అన్నావు. నీకేమో కొంగుచాటు, నాకేమో నడివీధా?"

"అలా అనుకుని రాయలేదత్తయ్యా."

"విను మరి. అక్కడ ఒకాయన ఉండేవాడు, మంచివాడే, ఎప్పుడూ కొసరు వేసేవాడు. ఓ రోజు నవ్వుతూ, 'అమ్మా, మీరెప్పుడు పోతున్నరు? పోయేముంగట జర చెప్పి పోవాలె' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అందులో భయపడేదేముంది? కానీ ఆ తర్వాత నుంచి 'దొండకాయలు ఎంతండీ' అని అడిగితే, నాకే దొండకాయల గురించి అడిగినట్టుండదు. నేనిక్కడ ఉండొచ్చా అని అడిగినట్టుంటుంది. అందుకని మానేశాను. దాన్ని నువ్వు భయమని రాసి, చదివినవాళ్ళు పాపం అనుకునేటట్టు చేశావు. నాకెవరి పాపమూ అక్కర్లేదు."

కాగితాలు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు. "పాపని గిట్ల అనొద్దన్నానని రాశావుగా. అన్నాను. నువ్వు వంటింట్లోనే ఉన్నావు. నాకు చెప్పొచ్చుగా, అలా అనొద్దు అత్తయ్యా, అది మా అమ్మ మాట అని. ఎందుకు చెప్పలేదు?"

ఆ తర్వాత చాలా రోజులు మా ఇద్దరి మధ్య అవసరం మేరకే మాటలు. కూర అయిందా, పాప తిన్నదా, అంతే. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. ఒకరోజు కారులో ఆఫీసుకు వెళ్తూ అన్నాడు. "కథే కదా. ఎవరి పేరూ లేదుగా. ఆపెయ్యి."

"పేరు లేకపోయినా ఆవిడ గుర్తుపట్టారు."

"అందుకే ఆపెయ్యమంటున్నా. బయట గొడవ చాలదా మనకి?"

ఆపేద్దామనే అనుకున్నాను. కానీ ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్న పట్టుకుంది. 'ఆమె' అని రాసిన కథలో ఆ చోట ఒకే వాక్యం ఉంది: 'ఆమె మౌనంగా ఉండిపోయింది.' చదివేవాళ్ళు ఆ మౌనంలో బాధ ఉందనుకుంటారు, అవమానం ఉందనుకుంటారు. నేనేమీ చెప్పనక్కర్లేదు. అదే వాక్యాన్ని 'నేను మౌనంగా ఉండిపోయాను' అని మార్చి చూశాను. అక్కడితో ఆగడానికి వీల్లేకపోయింది. ఎందుకు అన్న ప్రశ్న వెనకే వచ్చి నిలబడింది.

ఎందుకంటే, పాప "ఇలా" అన్నప్పుడు నాకు ఒక్క క్షణం నిశ్చింతగా అనిపించింది. బడిలో దాన్ని చూసి ఎవరూ నవ్వరులే అనిపించింది. ఇంజినీరింగ్ చదవడానికి కూకట్‌పల్లిలో హాస్టల్లో చేరినప్పుడు, "నాకు పరేషాన్ అయితుంది" అన్నానని గదిలో పిల్లలంతా నవ్వారు. ఆ నవ్వులో విషమేమీ లేదు. మళ్ళీ అనమని బతిమాలారు కూడా. ఆ ఏడాది తిరిగేసరికి నేను వాళ్ళలాగే మాట్లాడుతున్నాను. సంగారెడ్డి వెళ్తే మా అమ్మ, "ఏందే, టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నవ్?" అనేది. అంటే అత్తయ్య కంటే చాలా ముందే నా మాట పోయింది. ఆ ఇంట్లో పోలేదు. నా కథలో మాత్రం మొదటి వాక్యం నుంచీ చెప్పింది, ఆ ఇంట్లోనే పోయిందని.

అత్తయ్య అన్నది తప్పు కాకుండా పోదు. మా అన్న అడిగినదీ చిన్న విషయం కాదు. కానీ కోపమంతా అటువైపు తోసేసి, నా వాటా రాయకుండా ఉండడానికి 'ఆమె' నాకు బాగా పనికొచ్చింది.

మళ్ళీ రాశాను, 'నేను' అని. చాలావరకు అచ్చు భాషే. ఇప్పుడు నేను నిజంగా ఆలోచించేది అందులోనే, దాన్ని దాచి లాభం లేదు. అమ్మతో మాట్లాడిన చోట్ల మాత్రం నా మాట దానంతటదే మారింది, మారనిచ్చాను. మార్కెట్ సంగతి ముట్టుకోలేదు. అత్తయ్య నా ముందు అన్నవి, చేసినవి మాత్రమే ఉంచాను. ఆవిడ మనసులో ఏముందో ఒక్క ముక్క ఊహించలేదు.

"అత్త మళ్ళీ చిన్నదైపోయిందమ్మా" అన్నారు పెద్దాయన ఫోన్లో. "అయినా సరే, వేద్దాం" అన్నారు.

పత్రిక వచ్చిన రోజు అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నారు. "నా గురించి ఉందా?"

"ఉంది. మీరు నాతో అన్నవి మాత్రమే."

"మార్కెట్టు?"

"లేదు."

తల ఊపి, పత్రికను టీపాయి మీద పెట్టేశారు. చదవలేదు. ఆ తర్వాత నా కథలేవీ దిద్దలేదు కూడా. నేను ఇస్తే, "కళ్ళు సరిగ్గా కనపడట్లేదమ్మాయ్" అనేవారు. పేపరు మాత్రం రోజూ చదివేవారు.

అన్న చదివాడు. ఫోన్ చేశాడు. "మంచిగ రాసినవ్ చెల్లె. గని అందరికి న్యాయం జేస్తున్నవ్. మనకే జేస్తలేవు."

"మనకంటే ఎవరికన్నా?"

"గది గూడ నేనే చెప్పాల్నా?" అని పెట్టేశాడు. కొన్ని నెలలు మా ఇంటికి రాలేదు.

రాష్ట్రం ఇస్తున్నారని టీవీలో చెప్పిన సాయంత్రం మా ఇంట్లో నలుగురమూ ఉన్నాం. కింద అప్పుడే టపాసులు మొదలయ్యాయి. అన్న దగ్గర్నుంచి ఫోన్. అరుపులు, డప్పులు, వాటి మధ్య అన్న గొంతు. "వచ్చింది చెల్లె! మనది మనకొచ్చింది!" ఏడుస్తున్నాడు. నా కళ్ళు కూడా నిండిపోయాయి. "అవునన్నా, సూస్తున్న, ఇప్పుడే సూస్తున్న" అంటున్నాను. ఎన్నో ఏళ్ళుగా నోటికి రాని మాట ఆ క్షణంలో అడగకుండానే వచ్చింది. అత్తయ్య నాకు నాలుగడుగుల దూరంలో కూర్చుని టీవీ చూస్తున్నారు. నేను ఫోను పట్టుకుని బాల్కనీలోకి నడిచాను. నడుస్తూ గొంతు తగ్గించాను.

మాట్లాడి వచ్చేసరికి మా ఆయన టీవీ కట్టేశాడు. "అమ్మా, మనకేం కాదు. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అంటున్నాడు.

"వెళ్తానని నేనన్నానా?" అన్నారు ఆవిడ.

పాప టపాసులు చూస్తానని నా చేయి పట్టుకుని లాగింది. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. పాపను తీసుకుని కిందికి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ కుటుంబం కాకరపువ్వొత్తులు కాలుస్తోంది. వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. పాపకు ఒకటి వెలిగించి ఇచ్చారు. ఎవరో నాకూ నుదుట గులాబి రంగు పూశారు. నేను నవ్వుతున్నాను. లోపల ఎంత సంతోషం ఉందో అంతగానూ నవ్వుతున్నాను. అదే సమయంలో పైకి చూసి, మా బాల్కనీలో ఎవరైనా నిలబడి ఉన్నారా అని వెతుక్కుంటున్నాను. ఎవరూ లేరు.

ఆ సాయంత్రాన్ని కథగా రాయాలని తర్వాత కూర్చున్నాను. 'నేను' అంటే ఆ సంతోషం ఇంటికంటే పెద్దదైపోతోంది. 'ఆమె' అంటే ఆ ఇంటి బాధ ఊరికంటే పెద్దదైపోతోంది. వదిలేశాను.

ఆ సాయంత్రం నేనూ పాపా పైకి వచ్చేసరికి అత్తయ్య కంచాలు పెట్టి ఉంచారు. పాప చేతులు మసిగా ఉంటే సింకు దగ్గరికి తీసుకెళ్ళి సబ్బుతో రుద్ది కడిగారు. "నానమ్మా, కింద అందరు గట్టిగ అరుస్తున్నరు" అని అది చెబుతుంటే, "ఊఁ, ఊఁ" అంటూ విన్నారు. మాట దిద్దలేదు. నా నుదుటి మీది రంగు చూసి, తువ్వాలు అందించి, అన్నం చల్లారిపోతోందన్నారు.